కాలిపోతే మళ్లీ కట్టుకోనిస్తారా?

క్లోజింగ్‌కి, అంటే కొన్న ఇల్లు మా పేరు మీదికి మారే రోజుకి, ఇంకా తొమ్మిది రోజులుందనగా లోన్ ఆఫీసర్ ఫోన్ చేశాడు. ఇంటి విలువ లెక్కగట్టే అప్రైజల్ రిపోర్టు వచ్చిందనీ, ధర సరిపోయిందనీ ముందు చెప్పి, తర్వాత అసలు సంగతికి వచ్చాడు. "టౌన్ నుంచి మీరు ఒక లెటర్ తేవాలి. ఈ ఇల్లు పూర్తిగా కాలిపోతే మళ్లీ ఇలాగే, రెండు కుటుంబాల ఇల్లుగానే కట్టుకోనిస్తామని వాళ్లు రాసివ్వాలి. అది లేకపోతే లోన్ ఓకే చేసే అండర్‌రైటర్ ఫైలు కదపరు."

ఇది 2021 నాటి మాట. ఊరు న్యూజెర్సీలో పాత ఊరు. ఇల్లు 1924లో కట్టింది. 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల లోతు స్థలం. కింద ఒక వాటా, పైన ఒక వాటా, ముందు రెండు తలుపులు, పక్క గోడకు రెండు గ్యాస్ మీటర్లు. కింద అమ్మానాన్నా, పైన మేం ఉందామని ఇష్టపడి ఎంచుకున్నాం. అమ్మేవాళ్ల ఏజెంట్ మొదటి రోజే "ఇది గ్రాండ్‌ఫాదర్డ్, ఏం ప్రాబ్లం లేదు" అంది. రూలు కంటే ముందే ఉన్నది కాబట్టి ఉండనిస్తారని దానర్థం. ఆ ఒక్క మాటతో మేం ఊరుకున్నాం. ఇన్‌స్పెక్షన్ చేయించాం, చెదలు చూపించాం, పెరట్లో పాత ఆయిల్ ట్యాంకు ఏమైనా పూడ్చి ఉందేమోనని కూడా వెతికించాం. కాలిపోతే కట్టుకోనిస్తారా అని మాత్రం ఎవరినీ అడగలేదు. అడగాల్సిన ప్రశ్న అదని తెలియదు.

ఆ రోజు నా కోపమంతా అప్రైజర్ మీదికి పోయింది. ఇక్కడి మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "అప్రైజర్ డీల్ చెడగొట్టాడు" అనే మాట తరచుగా వింటాం. నేనూ అదే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకు మారానో చెప్పాలంటే మా అప్రైజర్, ఆవిడ చేసిన పనేమిటో ముందు చెప్పాలి.

అప్రైజల్ రిపోర్టు అంటే హైదరాబాద్‌లో బ్యాంకు తన ప్యానెల్ వాల్యూయర్‌ని పంపి తెప్పించుకునే రిపోర్టు లాంటిదే. డబ్బులు మనం కట్టినా అది లెండర్ కోసం రాసేది. రెండు నుంచి నాలుగు వాటాల ఇళ్లకు అప్పట్లో ఇక్కడ 1025 అనే ఫారం వాడేవారు. అందులో జోనింగ్ గురించి, అంటే ఏ స్థలంలో ఏం కట్టవచ్చో ఊరు పెట్టే రూల్స్ గురించి, నాలుగు గళ్లుండేవి: లీగల్, లీగల్ నాన్‌కన్‌ఫార్మింగ్, నో జోనింగ్, ఇల్లీగల్. మా రిపోర్టులో రెండో గడిలో టిక్కు ఉంది. కింద ఆవిడ మూడు వాక్యాలు రాసింది. ఈ జోన్‌లో ఇప్పుడు ఒకే కుటుంబం ఉండే ఇళ్లకే అనుమతి అని ఒకటి. ఈ ఇల్లు ఆ రూలు కంటే ముందుదని ఒకటి. పూర్తిగా ధ్వంసమైతే ఇప్పుడున్నట్టే కట్టుకోవచ్చో లేదో టౌన్ దగ్గర నిర్ధారించుకోవాలని మూడోది. మా లోన్‌ని ఆపింది ఆ మూడో వాక్యమే. ఆ రిపోర్టు మొత్తంలో మాకు నిజంగా పనికొచ్చింది కూడా అదే.

ఇక్కడ మనవాళ్లు చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నాన్‌కన్‌ఫార్మింగ్ అనగానే మనకు అక్రమ కట్టడం గుర్తొస్తుంది. బీపీఎస్, బీఆర్‌ఎస్, ఎల్‌ఆర్‌ఎస్ లాంటి రెగ్యులరైజేషన్ స్కీములు చూసిన వాళ్లం కదా. అక్కడ ముందు ప్లాన్‌కి విరుద్ధంగా కడతారు, ఎప్పుడో ప్రభుత్వం స్కీమ్ ప్రకటిస్తే ఫీజు కట్టి రెగ్యులరైజ్ చేయించుకుంటారు. ఇక్కడ కథ వేరు. ఇల్లు కట్టినప్పుడు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల తర్వాత ఊరు వచ్చి గీత గీసింది, ఇల్లు గీతకు అవతల పడింది. ఇంట్లో ఉన్నవాళ్లు ఏ తప్పూ చేయలేదు కాబట్టే దాన్ని లీగల్ అంటారు. కొందరు బేస్‌మెంట్‌లో పర్మిట్ లేకుండా స్టవ్వు పెట్టి అద్దెకిస్తారు, అది ఈ కోవలోకి రాదు. దాన్ని ఎన్నేళ్లు నడిపినా గ్రాండ్‌ఫాదర్డ్ కాదు. ఆ గ్రాండ్‌ఫాదర్ అనే మాటే నాకు నచ్చదు. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది రాష్ట్రాల్లో, తాత ఓటేసి ఉంటేనే మనవడికి తేలిగ్గా ఓటు అని నల్లవాళ్లను దూరం పెట్టడానికి చేసిన చట్టాల్లోంచి వచ్చింది అది.

గీతలు గీయడం మొదలై వందేళ్లు దాటింది. న్యూయార్క్ నగరం 1916లో జోనింగ్ పెట్టింది. 1926లో ఒహాయోలోని యూక్లిడ్ అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు జోనింగ్ చెల్లుతుందని తీర్పిచ్చింది. ఆ తర్వాత ఊరూరా పాకింది. అప్పటికే నిలబడి ఉన్న ఇళ్లనూ దుకాణాలనూ ఏం చేయాలన్నది మొదటి నుంచీ చిక్కే. పడగొట్టమంటే కోర్టులు ఒప్పుకోవేమోనని భయం. అందుకని ఉన్నవాటిని ఉండనిచ్చారు, కాలం గడిచేకొద్దీ అవే పోతాయిలే అనుకున్నారు. పెంచుకోనివ్వకపోతే, కూలితే మళ్లీ కట్టనివ్వకపోతే, మెల్లగా కనుమరుగవుతాయని లెక్క.

అవి పోలేదు. 2016లో న్యూయార్క్ టైమ్స్ ఒక లెక్క వేసింది. మన్‌హాటన్‌లో ఉన్న భవనాల్లో 40 శాతం అప్పటికి అమల్లో ఉన్న రూల్స్ కింద కట్టడానికి వీల్లేనివట. బాస్టన్ పక్కన సోమర్‌విల్‌లో ఆ రోజుల్లోనే ఊరి ప్లానర్లు లెక్క తీస్తే, జోనింగ్‌కి అన్ని విధాలా సరిపోయే నివాస భవనాలు 22 తేలాయి. దాదాపు 80,000 మంది ఉండే ఊళ్లో 22. ఊరు ఊరంతా నిబంధనకు అవతల ఉంటే తప్పు ఇళ్లదా, నిబంధనదా? సోమర్‌విల్ మాత్రం ఆ తర్వాత, 2019 చివర్లో, జోనింగ్ మొత్తం తిరగరాసుకుంది.

మా ఊరు 1950లలో గీసిన గీత ప్రకారం మా వీధిలో ఒకే కుటుంబం ఉండే ఇళ్లు మాత్రమే ఉండాలి, స్థలం కనీసం 50 అడుగుల వెడల్పు ఉండాలి. మా వీధిలో స్థలాలు దాదాపు అన్నీ 25 అడుగులవే. అంటే మా ఇల్లు పోతే రెండు వాటాల ఇల్లు కట్టడానికే కాదు, ఒక్క వాటా ఇల్లు కట్టాలన్నా ఎవరో ఒకరి అనుమతికి చేతులు కట్టుకుని నిలబడాలి. ఇది తెలిసిన రోజు రాత్రి నాన్నకు చెప్పాను. ఆయన తెనాలిలో రెండుసార్లు ఇల్లు కట్టించిన మనిషి. అంతా విని, "మన స్థలంలో మన ఇల్లు కాలిపోతే, మళ్లీ కట్టుకోవడానికి ఎవరో ఓట్లేయాలా అమ్మా?" అని అడిగారు.

నిజంగా ఓట్లే. న్యూజెర్సీలో మున్సిపల్ ల్యాండ్ యూజ్ లా అని 1975లో వచ్చిన చట్టం ఉంది. అందులో 68వ సెక్షన్ చెప్పేదేమిటంటే, జోనింగ్ మారేనాటికి ఉన్న ఇల్లు అలాగే కొనసాగవచ్చు, పాక్షికంగా దెబ్బతింటే బాగు చేసుకోవచ్చు. ఆ 'పాక్షికంగా' అన్న మాట దగ్గరే అంతా ఉంది. మొత్తం పోతే ఆ హక్కు కూడా పోయినట్టే. అప్పుడు యూజ్ వేరియన్స్, అంటే జోనింగ్ రూలు నుంచి మినహాయింపు, అడగాలి. దానికి ఏడుగురున్న జోనింగ్ బోర్డులో అయిదుగురు అవునని ఓటేయాలి. మామూలు మెజారిటీ చాలదు.

పాక్షికానికీ పూర్తికీ మధ్య గీత ఎక్కడుంది? చట్టంలో శాతం ఏదీ రాసిలేదు. వేరే చాలా ఊళ్లలో 50 శాతం అని పెట్టుకుంటారు, ఇక్కడ మాత్రం ఆ సంగతి సందర్భాన్ని బట్టి తేల్చుకోవాల్సిందే. 2013లో సముద్రపు ఒడ్డున సీసైడ్ పార్క్ అనే ఊరి కేసులో అప్పీలు కోర్టు తీర్పు వచ్చింది. ఒకాయన తన పాత ఇంటికి మరమ్మతులు చేయించుకుంటూ గోడలు దాదాపుగా తీయించేశాడు. ఇది పాక్షికం కాదు, నీ పాత హక్కు పోయింది అన్నారు. మంటలు లేవు, తుఫాను లేదు, మరమ్మతు మొదలుపెట్టి చివరికి హక్కే పోగొట్టుకున్నాడు. వందేళ్ల ఇల్లు విప్పితే లోపల ఏం కనిపిస్తుందో, ఎంత తీయాల్సొస్తుందో విప్పేదాకా తెలియదు. ఈ తీర్పు చదివాక మా బాత్రూమ్ రిపేరుకు కాంట్రాక్టర్‌ని పిలవాలన్నా నాకు టెన్షన్‌గానే ఉంది.

ఇప్పుడు ఆ అప్రైజర్ స్థానంలో నిలబడి చూడండి. సెక్షన్ 68ని, జోనింగ్ రూల్స్ ఉండే ఊరి ఆర్డినెన్స్‌ని, కోర్టు తీర్పుల్ని కలిపి చదివి, ఏడుగురు మనుషులు రేపెప్పుడో ఎలా ఓటేస్తారో ఊహించి, అవునో కాదో చెప్పాలి. ఆవిడ లాయరు కాదు. ఊరి తరఫున మాటిచ్చే అధికారం ఆవిడకు లేదు. ఆ రిపోర్టుకు ముట్టేది కొన్ని వందల డాలర్లు. అయినా వ్యవస్థ ఆ ప్రశ్నను తెచ్చి ఆవిడ ముందే పెట్టింది. ఎఫ్‌హెచ్‌ఏ అనే ప్రభుత్వ సంస్థ హామీ ఇచ్చే లోన్ల రూల్‌బుక్‌లోనైతే, ఇల్లు ధ్వంసమైతే చట్టప్రకారం తిరిగి కట్టుకోవచ్చో లేదో అప్రైజరే తేల్చి రాయాలని ఉంది. లెండర్ల దగ్గర్నుంచి ఇంటి లోన్లు కొనే ఫానీ మే సంస్థ కాస్త నయం. నాలుగు వాటాల దాకా ఉన్న ఇళ్లు లీగల్ నాన్‌కన్‌ఫార్మింగ్ అయినా లోన్ కొంటుంది, దానివల్ల విలువ మీదా అమ్ముడుపోవడం మీదా ఏమైనా దెబ్బ ఉంటే అప్రైజల్‌లో చూపించమంటుంది. అపార్ట్‌మెంట్ ఫ్లాట్ల లాంటి కాండోలకు మాత్రం ఇప్పుడున్నన్ని వాటాలతో తిరిగి కట్టుకోనిస్తారని టౌన్ లెటరో, జోనింగ్ రూల్ కాపీయో ఫైల్లో ఉండాలంటుంది. మాది కాండో కాదు. ఆ లెటర్ అడిగింది మా లెండర్ సొంత రూలు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

టౌన్ ఆఫీసుకు వెళ్లాను. కిటికీ వెనకున్న జోనింగ్ ఆఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. "మా రికార్డుల్లో ఇది రెండు కుటుంబాల ఇల్లుగా ట్యాక్స్ కడుతోందని రాసిస్తాను. కాలిపోతే కట్టుకోనిస్తామని రాయలేను, అది బోర్డు చేతిలో పని" అన్నాడు. మరి బోర్డు ఇప్పుడే చెప్పదా అంటే, జరగని నష్టం మీద బోర్డు ఓటేయదు అన్నాడు. ఇల్లు కాలితేనే జవాబు దొరికే ప్రశ్నను ఇల్లు కొనకముందే జవాబు తెమ్మని లెండర్ అడుగుతున్నాడు! ఆయన ఇచ్చిన మూడు లైన్ల కాగితాన్ని అండర్‌రైటర్ తిప్పికొట్టాడు. ముందు ఒప్పుకున్న వడ్డీ మారకుండా పట్టి ఉంచే రేట్ లాక్ పొడిగించడానికి డబ్బు కట్టాం. అదీ గడువు దాటింది. చివరికి అమ్మేవాళ్లు ఓపిక పట్టబట్టి, ఫానీ మే రూలు ఉన్నది ఉన్నట్టు పాటించే ఇంకో లెండర్ దగ్గరికి మారి, కాస్త ఎక్కువ వడ్డీకి తీసుకున్నాం. అదే అప్రైజర్, అవే మూడు వాక్యాలు, అదే ఇల్లు. ఒక లెండర్ కాదన్నాడు, ఇంకొకడు సరే అన్నాడు.

ఇన్సూరెన్స్ ఉంది కదా, భయమెందుకు అని అడిగినవాళ్లున్నారు. నేనూ అదే అనుకుని పాలసీ తెరిచి కూర్చున్నాను. మామూలు హోమ్ పాలసీ ఇల్లు తిరిగి కట్టే ఖర్చు ఇస్తానంటుంది, కానీ కట్టడం పూర్తయ్యేదాకా చేతిలో పెట్టేది తరుగుదల తీసేసిన విలువే. కట్టనివ్వకపోతే? కొత్త రూల్స్ వల్ల అదనంగా అయ్యే ఖర్చుకు ఆర్డినెన్స్ ఆర్ లా అని ఒక కవరేజీ ఉంటుంది, చాలా పాలసీల్లో అది ఇంటి కవరేజీలో 10 శాతమే. అది కూడా స్ప్రింక్లర్లు పెట్టమన్నా, వైరింగ్ మార్చమన్నా పనికొస్తుంది. రెండో వాటా అసలు వద్దంటే, ఆ వాటా విలువ ఎవరు పూడుస్తారు? మేం 5 లక్షల 60 వేల డాలర్లకు కొన్నాం. ఆ ధర రెండు వంటగదులకు, రెండు తలుపులకు. లోన్ మాత్రం ఇల్లు కాలినా మొత్తం కట్టాల్సిందే.

ప్లానింగ్ తెలిసినవాళ్లు చెప్పే వాదన నాకు తెలుసు. పాత ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, మంటలు పాకుతాయి, పార్కింగ్ ఉండదు, ఎప్పటికైనా పద్ధతిలోకి రావాలి కదా అంటారు. మంటల గురించి వాళ్లు చెప్పేది పూర్తిగా ఒప్పుకుంటాను. తిరిగి కట్టేటప్పుడు ఇవాళ్టి బిల్డింగ్ కోడ్ ప్రకారమే కట్టమనండి. మంట నిలిపే గోడలు, స్ప్రింక్లర్లు, కొత్త వైరింగ్, అన్నీ పెట్టమనండి, పెడతాం. కానీ బిల్డింగ్ కోడ్ వేరు, జోనింగ్ వేరు. ఇల్లు ఎంత భద్రంగా ఉండాలన్నది ఒకటి అడుగుతుంది. అక్కడ ఎన్ని కుటుంబాలుండాలన్నది రెండోది అడుగుతుంది. పై వాటాలో మా పిల్లలు పడుకోవడం వల్ల మంటలు పాకవు. భద్రత పేరు చెప్పి కుటుంబాల లెక్క తగ్గించడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

పైగా ఈ వీధిని ఇలా కట్టిందెవరు? నూరేళ్ల కింద ఇటలీ నుంచి, పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాలు. కింద తల్లిదండ్రులు, పైన కొడుకు కుటుంబమో, అద్దెకున్నవాళ్లో. ఆ అద్దెతోనే ఇంటి అప్పు తీరేది. ఇవాళ మనవాళ్లు ఈ ఇళ్లు వెతుక్కుంటున్నది అచ్చంగా ఆ కారణానికే. గ్రీన్‌కార్డు వచ్చిన అమ్మానాన్నలు వేరే గడపతో, వేరే వంటతో, ఒకే కప్పు కింద ఉండాలంటే ఇంతకంటే సరిపోయే ఇల్లు లేదు. కొత్తగా కట్టనివ్వరు కాబట్టి ఉన్నవే ఉన్నాయి. ఒక్కటి కాలితే ఒక్కటి తగ్గుతుంది.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. మిన్నెసోటా చట్టంలో ఉంది: నిబంధనకు సరిపోని ఇల్లు సగానికి పైగా మంటల్లో పోయినా, 180 రోజుల్లోపు పర్మిట్‌కు దరఖాస్తు చేస్తే హక్కు పోదు. కాలిఫోర్నియా చట్టం అగ్ని ప్రమాదంలోనో, మరో విపత్తులోనో పోయిన బహుళ కుటుంబాల ఇళ్లను తిరిగి కట్టకుండా స్థానిక ఊళ్లు అడ్డుకోకూడదంటుంది. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ తగలబడినప్పుడు మేయర్ కేరెన్ బాస్ వారం తిరగకముందే ఆదేశం ఇచ్చారు. ఉన్న కొలతల్లో 110 శాతం దాకా, ఉన్నచోటే తిరిగి కట్టుకునేవాళ్లకు పర్మిట్లు త్వరగా ఇచ్చేయండి అని. మంచి పని. కానీ అక్కడ కాలినవి వేల ఇళ్లు, దేశమంతా చూస్తోంది. మా వీధిలో ఏ రాత్రయినా ఒక్క వంటింట్లో మంటలొచ్చి ఒక్క ఇల్లు కాలితే ఏ మేయరూ ఆదేశం ఇవ్వడు. ఆ కుటుంబం ఏడుగురి ముందు నిలబడాల్సిందే. న్యూజెర్సీ చట్టంలో ఆ 'పాక్షికంగా' అన్న ఒక్క మాట మార్చాలి. ప్రమాదంలో పోయిన ఇంటిని అన్ని వాటాలతో, అదే స్థలంలో, కొత్త బిల్డింగ్ కోడ్‌తో కట్టుకునే హక్కు రాయాలి. అది రాసిన రోజున అప్రైజర్‌కి ఊహించే పని ఉండదు, లెండర్‌కి లెటర్ పని ఉండదు. మా అసెంబ్లీ సభ్యులిద్దరికీ ఈ మాటే రాశాను, మళ్లీ రాస్తాను.

అది జరిగేలోపు చేయగలిగింది ఒకటుంది. అదే సెక్షన్ 68లో, ఈ ఇల్లు జోనింగ్ కంటే ముందుదని సర్టిఫికెట్ అడిగే హక్కు ఉంది. ఓనరే కాదు, కొనబోయేవాళ్లూ, లోన్ ఇవ్వబోయేవాళ్లూ అడగవచ్చు. ఆర్డినెన్స్ వచ్చిన ఏడాదిలోపు అయితే ఆఫీసరే ఇస్తాడు, ఆ తర్వాతైతే బోర్డుకు వెళ్లాలి. రుజువు చేసే భారం మనదే. కొన్నాక 2022లో మేం వెళ్లాం. కావాల్సిన కాగితాల కోసం నాలుగు నెలలు తిరిగాను. ఊరి లైబ్రరీలో శాన్‌బార్న్ మ్యాపులు దొరికాయి. పాతకాలంలో ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీల కోసం ప్రతి ఇంటినీ కొలిచి గీసిన మ్యాపులు అవి. అందులో మా ఇంటి మీద రెండు వాటాలదని గుర్తు ఉంది. పాత సిటీ డైరెక్టరీల్లో ఒకే ఇంటి నంబరు కింద రెండు ఇంటిపేర్లు కనిపించాయి. ట్యాక్స్ కార్డు, రెండు మీటర్ల పాత బిల్లులు జత చేశాను. 200 అడుగుల లోపున్న ఇళ్లన్నిటికీ నోటీసులు పంపాం.

వీటన్నిటికంటే బలమైనది పక్కింటి పెద్దావిడ ఇచ్చిన అఫిడవిట్. ఎనభై దాటిన మనిషి, పుట్టింది పెరిగింది ఆ వీధిలోనే. చిన్నప్పుడు మా ఇంటి పై వాటాలో ఎవరుండేవారో, కింద ఎవరుండేవారో, పై వంటగది కిటికీలోంచి తనకు రొట్టె ఎవరు అందించేవారో బోర్డు ముందుకొచ్చి చెప్పింది. ఆ రాత్రి సర్టిఫికెట్ ఇస్తామని తీర్మానం చేశారు. ఇల్లు మొత్తం కాలితే ఏం చేయాలన్నదానికి అది జవాబు కాదు. కానీ ఇది రెండు కుటుంబాల ఇల్లేనా అని ఇక ఎవరూ మమ్మల్ని అడగలేరు, వేరియన్స్ దాకా వెళ్లాల్సొచ్చినా సగం దారి అయిపోయినట్టే. తీర్మానం కాపీ కౌంటీ ఆఫీసులో రికార్డు చేయించాను, రేపు మా దగ్గర కొనేవాళ్లు వెతుక్కోకుండా.

బయటికొస్తుంటే పెద్దావిడ మా నాన్న చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ, తన ఇల్లు కూడా రెండు వాటాలదే, మరి తన దగ్గర ఈ కాగితం లేదే అంది. ఆవిడకు తెలిసినంత ఆ వీధి గురించి చెప్పగలవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. ఆవిడ ఇంటి దరఖాస్తు నింపుతున్నాను. మ్యాపు నకలు తీసుకున్నాను, డైరెక్టరీ పేజీలు తీసుకున్నాను. ఈసారి సాక్షిగా ఎవరిని నిలబెట్టాలా అని వీధిలో తలుపు తలుపూ తడుతున్నాను.